లువాంగ్వా ఒడ్డున మా అన్న వేసిన కేక

ఆఫ్రికా పోవాలన్న కోరిక నాకు మహబూబాబాద్ జూనియర్ కాలేజీలో, నల్లబల్ల ముందు పుట్టింది. ముప్పై ఏళ్లు జువాలజీ చెప్పాను. జిరాఫీ మెడ ఎముకలు, ఏనుగు పళ్లు, నీటిగుర్రం చర్మం, అన్నీ సుద్దముక్కతో గీసి చూపించాను. ఒకరోజు వెనక బెంచీ పిల్ల లేచి, "మేడం, గివన్ని మీరు చూసిండ్రా?" అని అడిగింది. జూలో చూశానన్నాను. "జూల మేం గూడ చూసినం మేడం" అని కూర్చుంది. క్లాసంతా నవ్వింది. నేను కోపంగా పాఠం ఆపేశాను గానీ, ఆ పిల్ల అన్నదాంట్లో తప్పేముంది?

రిటైరయ్యాక జనగామలో మా ఇంటి హాల్లో ఆఫ్రికా మ్యాపు అతికించాను. మా ఆయన దాని ముందు కూర్చుని చాయ తాగుతూ, "ఇంకా బయలుదేరలేదా?" అని రోజూ ఆటపట్టించేవాడు. జాంబియాలో లువాంగ్వా అనే నది ఉంది. వానలు ఆగాక చుట్టుపక్కల గుంటలు ఎండిపోయి జంతువులన్నీ ఆ నది ఒడ్డుకు చేరతాయి. మే నెల బాగుంటుందని చదివి ఇద్దరికీ సీట్లు ఖాయం చేశాను. ఇంతలో మా ఆయన మోకాళ్లు మొరాయించాయి. ఆపరేషన్ అయింది. ఎత్తు జీపులు ఎక్కి గుంతల్లో ఎగిరెగిరి పడే ప్రయాణం వద్దని డాక్టరు తేల్చి చెప్పాడు. "నా సీట్లో ఎవరినన్నా తీసుకుపో, నా మోకాళ్ల మీద నెపం పెట్టి ఆగిపోకు" అన్నాడు మా ఆయన.

ఎవరిని తీసుకుపోవాలో తేలక ముందే నేను మా అన్న దగ్గరికి వెళ్లాల్సి వచ్చింది. భూపాలపల్లి దాటి అడవి అంచున మా ఊరు. అన్నకు అక్కడ ఎకరం మిరప, మూడెకరాల మక్క చేను. మక్క చేనుకు ఒక పక్క కాలువ, మరో పక్క అడవి. ఆ వానాకాలం కంకులు పాలు పోసుకునే వేళకు అడవి పందులు పడి సగం చేను తొక్కేశాయి. పలకరిద్దామని వెళితే, వదిన ఏదో తెమ్మని నన్ను కొట్టంలోకి పంపింది. అక్కడ గోనెసంచుల వెనక ఇనుప తీగ చుట్ట కనబడింది. బండి చక్రమంత చుట్ట.

మా వైపు ఆ తీగ దేనికో చిన్న పిల్లలకు కూడా తెలుసు. పొద్దుగూకినాక చేను చుట్టూ జానెడెత్తున కట్టి, కరెంటు ఇస్తారు. పంది తగిలి చస్తుంది. తెల్లవారక ముందే కరెంటు తీసేయాలి, లేకపోతే మనిషి చస్తాడు. మూడేళ్ల కింద మా అన్న పక్క చేనులో అట్లాగే ఒక మనిషి చచ్చిపోయాడు. మా ఊరి కూలీ. పొద్దున్నే మోటరు వేయడానికి అడ్డదారిన నడిచి తగిలాడు. తీగ కట్టిన రైతు ఆ రాత్రి నర్సింహులపేటలో పెళ్లికి పోయాడు, కరెంటు తీయడం మరిచానని పోలీసుల ముందు ఒప్పుకున్నాడు. జైలుకు పోయి వచ్చి, చేను కౌలుకిచ్చి పట్నంలో వాచ్‌మన్‌గా చేరాడు. చచ్చిపోయిన మనిషి భార్య అప్పటినుంచీ మా అన్న చేనులోనే కూలీకి వస్తోంది. కలుపుకైనా మిరప ఏరడానికైనా అన్న మొదటి పిలుపు ఆమెకే.

ఇంత చూసిన మనిషి ఆ తీగ ఎట్లా తెచ్చుకున్నాడు? నాకు ఒళ్లు మండింది. "ఏందన్నా గా తీగ?" అని నిలదీశాను.

"ఉండనీయ్" అన్నాడు.

"ఎందుకుండాలె?"

"నీకెందుకే చెల్లె. మక్క మళ్లా వానాకాలమే గద ఏసేది." అని బర్రె దగ్గరికి పోయాడు.

బస్సులో జనగామ దాకా నాకు మనసు మనసులో లేదు. మా అన్న మొండివాడు. కూర్చోబెట్టి చెబితే వినడు, పంతులమ్మ పాఠం మొదలుపెట్టిందంటాడు. జూన్‌లో మక్క వేస్తాడు, ఆగస్టుకల్లా తీగ కడతాడు. అప్పుడు తట్టింది. ఖాళీగా ఉన్న సీటు ఉంది కదా. ఈయనకు జంతువంటే పంట తినే దొంగ. ఒక్కసారి వాటి ఇంట్లో వాటిని చూపిస్తే, ఆ తీగ పాత ఇనుముకు పోతుందేమో. నా ప్రయాణం ఇప్పుడు ఏనుగుల కోసం కాదు, ఆ తీగ కోసం.

అడిగితే అన్న నవ్వాడు. "గా జంతువులను సూసుటానికి సముద్రం దాటి పోతవా? నా చేన్ల నిలబడు, పందులే నిన్ను సూసుటానికొస్తయ్."

వదిన మాత్రం, "పోరాదు, బర్రెలను నేను సూసుకుంట. జర మనుషుల్ల పడతవ్" అంది. వదిన మాట తీసేయడం మా అన్నకు చేతకాదు.

పాస్‌పోర్టు ఆఫీసులో మా అన్న వేళ్లను యంత్రం గుర్తుపట్టలేదు. నలభై ఏళ్లు నాగలి, పార, మిరపకాయల పని. వేలిముద్రల గీతలు అరిగిపోయాయి. అక్కడి అమ్మాయి తడి గుడ్డతో తుడిచి, నూనె రాసి, నాలుగుసార్లు ప్రయత్నించింది. "రేషన్ దుకాణంల గూడ ఇదే లొల్లి బిడ్డా" అన్నాడు అన్న. చివరికి ఎడమ చేతి చిటికెన వేలు దారికొచ్చింది.

సామాను దగ్గర మేమిద్దరం పోట్లాడుకున్నాం. చివరి విమానం చాలా చిన్నది, మెత్తటి సంచులే ఉండాలి, బరువు తక్కువ ఉండాలి. నల్లటి బట్టలు వద్దు, అక్కడి కుట్టే ఈగలు నలుపు మీద వాలతాయి. ఇదంతా నేను రాసి గోడకు అంటించాను. మా అన్న తన నల్ల గొంగడి మడిచి సంచిలో పెట్టాడు. "మే నెలల గొంగడి ఏందన్నా, నలుగురు నవ్వుతరు" అన్నాను. తీయలేదు. దాని మడతలో సొంత మిరప పంట కారంపొడి పొట్లం కూడా దాచాడని తరువాత తెలిసింది.

మే నెల అంటే ఎండాకాలం. నా తలలో ఇంకో మే నెల లేదు. జువాలజీ లెక్చరర్‌ని, భూమధ్యరేఖ కింద కాలాలు తారుమారవుతాయని పిల్లలకు చెప్పినదాన్ని, రెండు పల్చటి కాటన్ చీరలు, నాలుగు చుడీదార్లు పెట్టుకుని పోయాను. మొదటి రోజు తెల్లవారి పైకప్పు లేని జీపులో కూర్చున్నాక పళ్లు టకటక కొట్టుకున్నాయి. అన్న గొంగడి విప్పి సగం నా మీద కప్పాడు. ఏమీ అనలేదు. ఏమన్నా అంటే బాగుండేది. చలికి ఈగలు కూడా లేవలేదు.

ఆ మొదటి రెండు రోజులు నేను పసిపిల్లనయ్యాను. ముప్పై ఏళ్లు బల్ల మీద గీసిన జిరాఫీ నిజంగా ఎదురుగా నిలబడి, ముళ్లచెట్టు ఆకులు నాలుకతో దూసుకు తింటుంటే కళ్లు నిండాయి. మెడలో ఏడే ఎముకలని మా అన్నకు చెప్పబోయి మానుకున్నాను. నదిలో నీటిగుర్రాలు గుంపుగా మునిగి, గుర్రుపెడుతూ లేస్తున్నాయి. "మన బర్రెల లెక్కనే ఉన్నయ్, మొద్దు గొడ్లు" అన్నాడు అన్న. సింహాలు ఇసుకలో వెల్లకిలా పడి నిద్రపోతున్నాయి. వాటిని చూసి, "వీటి మొగం సూస్తే పొద్దంత పనిలేనట్టే ఉన్నది" అన్నాడు. చిరుతను ముందుగా పట్టింది మా అన్న కళ్లే, గైడు కళ్లు కాదు. కొమ్మ మీద తోక వేలాడుతోందని వేలు చూపించాడు.

ఒక పెద్ద చెట్టు కింద జీపు ఆగినప్పుడు కిందికి వంగిన ఆకు అందుకుని నలిపి వాసన చూశాడు. "గిది తునికి చుట్టమే" అన్నాడు. ఎండాకాలం వస్తే మా ఊళ్లో ఇంటిల్లిపాదీ బీడీల తునికాకు కోతకు పోతారు. గైడును అడిగితే అది ఎబొనీ, అంటే నల్లచేవ చెట్టన్నాడు. ఇంటికొచ్చాక పుస్తకం తీస్తే తునికి, అదీ ఒకే కుటుంబం. మా అన్న ఏడో తరగతి దాకా చదివాడు.

తప్పు జరిగింది మూడో రోజు సాయంత్రం. ఏనుగుల గుంపు రోడ్డు దాటుతోంది. తల్లులు, పిల్లలు, చివరన ఒక మగ ఏనుగు. మా గైడు ఇంజను ఆపేసి, ఎవరూ కదలొద్దని సైగ చేశాడు. దారి పక్క ఎండుగడ్డి మక్క చేనంత ఎత్తుంది. ఆ గడ్డిని మగ ఏనుగు చీల్చుకుని మా వైపు వస్తుంటే చర్రు చర్రుమని చప్పుడు. ఆ చప్పుడు వినగానే మా అన్న లేచి నిలబడ్డాడు. జీపు రేకును రెండు అరచేతులతో ధన్‌ధన్‌మని బాదుతూ, "హో... హో... హోహ్!" అని కేక పెట్టాడు. మంచె మీద నుంచి పందులను అదిలించే కేక అది. నలభై ఏళ్ల అలవాటు. మెదడు వద్దనే లోపే గొంతు పని చేసింది.

ఏనుగు చెవులు విప్పింది. తల విదిలించి, దుమ్ము లేపుతూ పది అడుగులు మా మీదికి ఉరికి వచ్చి ఆగింది. దాని కనురెప్పల వెంట్రుకలు కనబడేంత దగ్గర. నేను గొంగడి అంచు నోట్లో కుక్కుకున్నాను. గైడు దాని కళ్లలోకి చూస్తూ ఏదో నెమ్మదిగా మాట్లాడుతూ ఉండిపోయాడు. చాలాసేపటికి అది తొండం దులిపి, గుంపు వెనక నడిచిపోయింది.

క్యాంపుకు తిరిగొచ్చే దారంతా అన్నను తెలుగులో ఉతికి ఆరేశాను. తల దించుకుని విన్నాడు. "నోట్ల నుంచి అదే వచ్చింది చెల్లె" అని మాత్రం అన్నాడు. గైడు మందలిస్తాడేమోనని ఎదురుచూస్తే, అతను జీపు ఆపి వెనక్కి తిరిగి ఇంగ్లీషులో అడిగాడు. "ఆయన రైతా?"

ఔనన్నాను.

"ఇంకెప్పుడూ అట్లా చేయొద్దని చెప్పండి. కానీ మా అమ్మ కూడా అచ్చం ఇదే కేక వేస్తుంది. రేపు ఆమె చేనుకు తీసుకుపోతాను."

గైడు వాళ్ల ఊరు పార్కుకు అవతల, నది ఒడ్డునే. పొద్దున పదింటికి చేరాం. వాళ్ల అమ్మది మా వదిన వయసు. పూల గుడ్డ నడుముకు చుట్టుకుని చేను గట్టు మీద నిలబడి ఉంది. చుట్టూ మక్క చేను, సగం కోత అయింది. మధ్యలో కర్రలతో కట్టిన మంచె. దాన్ని చూడగానే మా అన్న నడక మారింది. అడగకుండానే నిచ్చెన ఎక్కి, చుట్టూ చూసి, దిగి వచ్చి ఒక కట్టు వదులైందని చూపించాడు. ఇద్దరూ కలిసి తాడు బిగించారు. ఒకరి భాష ఒకరికి రాదు. నాకూ గైడుకూ అక్కడ పని లేకుండా పోయింది.

ఆమె మాకు మక్కపిండి ముద్ద పెట్టింది, ఏదో ఆకుకూరతో. మా అన్న ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని నా వైపు చూశాడు. "గట్క!" చిన్నప్పుడు మా అమ్మ వండిన మక్కగట్కకు దీనికి ఉప్పు ఒక్కటే తేడా. రెండోసారి అడిగి పెట్టించుకున్నాడు.

తరువాత ఆమె ఏనుగులను ఆపే పద్ధతి చూపించింది. ఎండిన ఏనుగు పేడలో దంచిన మిరపకాయలు కలిపి, ఇటుకల్లా చేసి ఎండబెడతారు. పొద్దుగూకే వేళకు చేను నాలుగు మూలలా పాత డబ్బాల్లో వాటిని రాజేస్తారు. తెల్లారే దాకా ఘాటు పొగ. ఒక ఇటుక ముక్క అంటించి చూపిస్తే నేను తుమ్మి తుమ్మి చచ్చాను. మా అన్న ఆమె మిరపకాయ ఒకటి విరిచి, వాసన చూసి, పెదవి విరిచాడు. గొంగడి మడతలోంచి తన పొట్లం తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె చిటికెడు నాలుక మీద వేసుకుని, కళ్లు మూసుకుని, పెద్దగా నవ్వింది.  నా పాఠం నేను చెప్పకుండానే ఒంటబడుతోందని లోపల పొంగిపోయాను.

ఆమె భర్తను ఏనుగే చంపిందని అప్పుడు గైడు చెప్పాడు. ఇదే చేనులో.

మా అన్న చేను చుట్టూ ఒకసారి చూశాడు. తరువాత, "అడుగు చెల్లె. మరి కరెంటెందుకు పెట్టరు?" అన్నాడు.  ఇంత దూరమొచ్చి ఈయన అడిగేది అదా? అయినా అడిగాను. మా దేశంలో చేను చుట్టూ తీగ కట్టి కరెంటు ఇస్తారని గైడుకు వివరించాను. అతను వాళ్ల అమ్మకు చెప్పాడు. ఆమె శ్రద్ధగా విని ఒకే ఒక ప్రశ్న అడిగింది. గైడు దాన్ని ఇంగ్లీషులో చెప్పాడు, నేను తెలుగులో అన్నకు చెప్పాను.

"పొద్దున్నే దాన్ని ఎవరు ఆపుతారు, అంటోంది."

మా అన్న లేచి మంచె వెనక్కి పోయి నిలబడ్డాడు. ఆమె ఏదన్నా తప్పు మాట్లాడానా అన్నట్టు నన్ను చూసింది. 

ఆ మధ్యాహ్నం జీపు ప్రయాణం మానుకున్నాం. క్యాంపు వరండాలో నది వైపు కుర్చీలేసుకుని కూర్చున్నాం. ఎదుట ఒడ్డున జింకలు నీళ్లు తాగుతున్నాయి. అన్న వాటిని చూస్తూనే మాట్లాడాడు.

"గా దినం బందు చేసుటానికి పోవాల్సినోన్ని నేనే చెల్లె."

నాకు వెంటనే అందలేదు.

"పెండ్లికి పోయెటప్పుడు గాయిన నాకు చెప్పి పోయిండు. అన్నా, పొద్దుగాల జర కరెంటు బందు చేయి అని. సరే అన్న. లేచిన. తుంపర పడుతున్నది. మీ వదిన చాయ పెట్టింది. తాగి పోదామనుకున్న. గంతే. చాయ తాగుతుంటేనే మొత్తుకునుడు వినబడ్డది."

"మరి గాయిన మరిచిన్నని..."

"నా పేరు చెప్పలే. పంది కోసం కట్టినోన్ని నేను, నీ పేరెందుకన్నడు. జైలుకు పోయిండు. నేను ఊకున్న."

"కొట్టంల తీగ?"

"గదే తీగ. పోలీసులు ముక్క కోసుకపోయిన్రు. మిగిలింది గట్టు మీద పడి ఉండె. మళ్ల ఎవడన్న కడతడని చుట్టి తెచ్చిన. అమ్మబుద్ధి కాదు, పారేయబుద్ధి కాదు."

నేను నెలల తరబడి ఆ తీగను తలుచుకుని ఈయన మీద పళ్లు కొరికాను. జంతువుల మీద ప్రేమ నేర్పిద్దామని వేల మైళ్లు మోసుకొచ్చాను. నా తెలివి నా మొహాన కొట్టినట్టయింది. కోపం రావాలో ఏడుపు రావాలో తెలియలేదు. రెండూ వచ్చాయి. "మూడేండ్లు ఎట్ల ఉన్నవన్నా, నీ చేన్ల కూలీకొచ్చే ఆమె మొకం రోజూ సూసుకుంట?" అన్నాను.

"గట్లనే ఉన్న" అన్నాడు. కాసేపయ్యాక, "ఆమెకు చెప్పాలె" అన్నాడు.

మిగిలిన రెండు రోజులూ జీపులో పోయాం. అడవి కుక్కలు చూశాం, మొసలి నోట్లో చేప చూశాం. అన్న ప్రతిదాన్నీ శ్రద్ధగా చూశాడు. ఏనుగులు దాటేటప్పుడు మాత్రం గొంగడి నోటికి అడ్డం పెట్టుకునేవాడు. అది చూసి గైడూ నేనూ నవ్వితే తనూ నవ్వాడు. అంత బరువు మోస్తున్న మనిషి నవ్వగలడని నేననుకోలేదు. బాగుందా అని అడిగితే, బాగుందన్నాడు. నిజమే చెప్పాడని నాకు నమ్మకం.

ఊరికి చేరిన మర్నాడే ఆ కూలీ భార్య ఇంటికి పోయాడు. నన్ను వెంట రమ్మన్నాడు. ఆమె వాకిట్లో తొక్కు కోసం మిరపకాయల తొడిమలు తీస్తోంది. పీట వేస్తే కూర్చోలేదు. నిలబడే అంతా చెప్పాడు, వరండాలో నాకు చెప్పినట్టే, ఒక్క మాట తగ్గించకుండా. "ఠాణాకు రమ్మంటే వస్త" అన్నాడు.

ఆమె చేతులు ఆగాయి. చాలాసేపు మా అన్న ముఖం చూసింది.

"చాయ కోసమా?" అంది.

 ఆమె మళ్లీ తొడిమలు తీయడం మొదలుపెట్టింది. మేము వచ్చేశాం. ఆ సీజనంతా ఆమె మా చేనుకు రాలేదు. వదిన పిలవడానికి పోతే, కురవి దగ్గర తమ్ముడి చేనుకు పోతున్నానని చెప్పిందట.

అన్న తీగను ఉలితో, సుత్తెతో ముక్కలు ముక్కలుగా నరికి, పందిరి కట్లకు వాడేశాడు. వానాకాలం మక్క వేశాడు. కంకులు పాలు పోసుకునే వేళకు నేను పోయి చూస్తే, చేను నాలుగు మూలలా డబ్బాల్లో బర్రె పిడకలు, దంచిన మిరప. పందులు పూర్తిగా ఆగాయని అనను. అడవి వైపు రెండు సాళ్లు తినిపోయాయి. అన్న వాటిని తిట్టాడు, బాగానే తిట్టాడు.

ఆ రాత్రి అక్కడే పడుకున్నాను. తెల్లవారుతుంటే తుంపర మొదలైంది. అన్న గొంగడి కప్పుకుని బయలుదేరుతున్నాడు. వదిన చాయ గ్లాసు పట్టుకుని గడప దగ్గర నిలబడి ఉంది.

"ఎక్కడికన్నా వానల?" అన్నాను.

"డబ్బాలు ఆర్పిరావాలె."

"వానకే ఆరిపోయి ఉంటయ్ గదనే. చాయ తాగి పో."

అన్న గ్లాసు వైపు చూశాడు. ఆవిర్లు లేస్తున్నాయి.

"వచ్చినంక తాగుత" అని చేను వైపు నడిచాడు.